వంశావళి, ఊరి చరిత్ర: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా తాతగారు రాసి ఉంచిన వంశావళిని, హైదరాబాద్‌లోను అమెరికాలోను ఉన్న మా దాయాదులందరం కలిసి ఆన్‌లైన్‌లో చేర్చాలనుకుంటున్నాము. ఫ్యామిలీసెర్చ్, వికీట్రీ ఈ రెండింటిలో ఏది మేలు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండూ వంశవృక్షాలను నమోదు చేసుకునే ఉచిత వెబ్‌సైట్లే. రెండింటిలోను అందరికీ కలిపి ఒకే వృక్షం ఉంటుంది కనుక, మీరు చేర్చిన పూర్వికుల వివరాలను మరో శాఖవారు సవరించే వీలుంది. ఫ్యామిలీసెర్చ్‌లో జీవించి ఉన్నవారి పేజీ సాధారణంగా దాన్ని చేర్చినవారికే కనిపిస్తుంది. ప్రతి వివరానికీ ఆధారం చూపాలన్న పట్టుదల వికీట్రీలో ఎక్కువ కాబట్టి నా మొగ్గు దానివైపే. అయినా ఎక్కడ చేర్చారన్నదానికంటే ఎలా చేర్చారన్నదే ముఖ్యం.

మనవాళ్లకు ఎదురయ్యే పెద్ద చిక్కు పేర్లతోనే. తాత పేరు మనుమడికి పెట్టడం మన ఆచారం కావడంతో, ఒకే ఇంటిపేరుతో, ఒకే ఊళ్లో, ఒకే పేరుగలవారు తరం విడిచి తరం కనిపిస్తారు. దూరపు బంధువెవరైనా వారిని ఒకే మనిషిగా భావించి రెండు పేజీలనూ కలిపేస్తే, కింది తరాలన్నీ తారుమారవుతాయి. అందుచేత ప్రతి పేరు వెంట తండ్రి పేరు, ఊరు, గోత్రం తప్పక రాయండి. ఇంటిపేరు ఒక్కటే అయినంత మాత్రాన, గోత్రం వేరైనవారిని ఒకే వంశంలో చేర్చకండి. ఆడపడుచులకు పుట్టింటి ఇంటిపేరు, మెట్టినింటి ఇంటిపేరు రెండూ నమోదు చేయండి.

మన పాత వంశావళుల్లో చాలావాటిలో స్త్రీల పేర్లే ఉండవు. ఇది నన్ను ఎంతగానో బాధించే విషయం. భూమి రికార్డులు ఈ లోటును పెద్దగా తీర్చలేవు: కోస్తాలోని డైగ్లాట్ రిజిస్టర్లలోను (బ్రిటిషు కాలపు భూమి రికార్డులు), తెలంగాణలోని 1954–55 నాటి ఖాస్రా పహాణీలోను (ఊరిలోని భూములు, వాటి హక్కుదారుల పట్టిక) ఎక్కువగా దొరికేది పురుషుల పేర్లే. పాత పెళ్లి శుభలేఖల్లో మాత్రం వధూవరుల తల్లుల పేర్లు, ఒక్కోసారి అమ్మమ్మ, నానమ్మల పేర్లు కూడా ఉంటాయి. బంధువులందరినీ ముందుగా ఆ శుభలేఖలను ఫొటో తీసి పంపమని అడగండి. నోటిమాటగా తెలిసిన వివరమైతే, ఎవరు చెప్పారో, ఏ సంవత్సరంలో చెప్పారో పక్కనే రాయండి. అలా రాసి ఉంటే, రేపు రెండు శాఖలవారు రెండు రకాలుగా చెప్పినప్పుడు ఏది నిలుస్తుందో తేల్చుకోగలుగుతారు.

ప్రశ్న: మా ఊరి గురించి పెద్దలు చెప్పే సంగతులను తెలుగు వికీపీడియాలో రాయవచ్చునా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: ప్రచురితమైన ఆధారం లేనిదే అక్కడ రాయకూడదు. అది విజ్ఞాన సర్వస్వం కనుక ఆ నియమం సబబే. పెద్దల మాటలను రికార్డు చేసి, ఊరివారంతా వినగలిగేలా విడిగా భద్రపరచండి. గుడి, చెరువు, శాసనాల ఫొటోలను, అందరూ ఉచితంగా వాడుకోగల చిత్రాల భాండారమైన వికీమీడియా కామన్స్‌లో చేర్చండి.

ఇక అచ్చయిన ఆధారాల సంగతి. 1859 నుంచి 1904 వరకు గుంటూరు జిల్లా విడిగా లేదు, మీ ప్రాంతం అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉండేది. కాబట్టి గోర్డన్ మెకంజీ 1883లో వెలువరించిన కృష్ణా జిల్లా మాన్యువల్ వెతకండి. అంతకుముందటి కాలానికి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రను చెప్పే పాత రాతలు, ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ (పై మెకంజీ కాదు) కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి, కరణాల కవిలెలు (గ్రామ లెక్కల పుస్తకాలు) చూసి, గ్రామపెద్దలను అడిగి సేకరించినవి అవి. వాటిలో కొన్ని అచ్చయ్యాయి కూడా. మీ ఊరి కైఫీయతు దొరికితే, అందులోని కథనాన్ని జరిగిన చరిత్రగా కాక, ‘కైఫీయతులో ఇలా ఉంది’ అని రాయండి. రచయిత మరణించి 60 ఏళ్లు దాటి కాపీహక్కు తీరిన స్థానిక చరిత్ర పుస్తకమేదైనా మీ దగ్గర ఉంటే, దాన్ని స్కాన్ చేసి, ఆన్‌లైన్ ఉచిత గ్రంథాలయమైన తెలుగు వికీసోర్స్‌కు ఇవ్వండి. అక్కడి ఔత్సాహికులు పుట పుటా టైపు చేసి, దిద్ది, అందరికీ అందుబాటులోకి తెస్తారు.