అమ్మడూ, మిషన్ ఆన్ చేసే ముందు

అమ్మడూ,

రంగు కాగితాలు మిషన్‌తో కోసి, పొరలు పొరలుగా పేర్చి అమ్మమ్మ బొమ్మ చేస్తున్నావు కదా, నువ్వు పంపిన ఫోటో చూశాను. అమ్మమ్మ మొహం మిషన్‌లో కాగితం అంటించే జిగురు మ్యాట్ మీద ముక్కలు ముక్కలుగా పడి ఉంది, ఏ ముక్క ఎక్కడిదో నీకే తెలియడం లేదన్నావు. మీ అత్తయ్య నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. ముప్పై ఏళ్లు రేడియం షాపు నడిపినవాణ్ణి, ఈ తప్పు నీకంటే ముందే చేశాను.

షాపు పెట్టిన కొత్తలో ఒక మిల్లు కోసం రేకు స్టెన్సిల్ కోశాను. బస్తాల మీద 'సన్న బియ్యం' అని కొట్టుకోవడానికి. సున్నా గుండ్రంగా కోయగానే మధ్య ముక్క టక్కున రాలిపోయింది. రంగు కొడితే ప్రతి బస్తా మీదా అక్షరం పక్కన నల్ల గోలీ పడింది. మధ్య ముక్కని పట్టుకోవడానికి రెండు సన్నటి కాడలు వదిలిపెట్టాలని ఆ రోజు తెలిసింది. నువ్విప్పుడు చేస్తున్నదీ అదే పని. మిషన్ కోసిపెడుతుంది, అంతే. ఏ ముక్క దేన్ని పట్టుకుని నిలబడాలో నువ్వే ముందు చూసుకోవాలి. నిమ్మలకుంట తోలుబొమ్మలు ఈసారి దగ్గరగా చూడు. నగల నిండా చిల్లులే, కానీ చిల్లుకీ చిల్లుకీ మధ్య తోలు మిగిలే ఉంటుంది.

అసలు తప్పు ఫోటో దగ్గరే జరిగింది. నువ్వు వాడింది పెళ్లిలో ఫ్లాష్ కొట్టి తీసింది. ఫ్లాష్ పడితే మొహమంతా ఒకటే తెలుపు, నీడ ఉండదు. నీడ లేకపోతే పొరలు ఎక్కణ్ణుంచి వస్తాయి? మా ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని బియ్యం ఏరుతున్న ఫోటో ఉంది చూడు, అది కావాలి. ఒక బుగ్గ వెలుగులో, ఒక బుగ్గ నీడలో. వెనక గోడ కూడా చీకటిగా ఉంది. దాని వల్ల లాభమేమిటో కింద చెప్తాను.

నువ్వు ఎనిమిది పొరలు పెట్టావు. ఐదు చాలు. అడుగున లేత రంగు కాగితం, నిండు షీటు, దాన్ని కోయవద్దు. దాని పైన ఒక్కో షీటూ ఒక్కో మెట్టు ముదురు. అన్నిటికంటే పైన జుట్టు, కనుబొమ్మలు, వెనక చీకటి. ఇంక్‌స్కేప్ అని బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది కదా, అందులో ఫోటోని గీతలుగా మార్చే ట్రేస్ బిట్‌మ్యాప్‌లో మల్టీకలర్ ట్యాబ్‌కి వెళ్లి స్కాన్లు, అంటే పొరలు, ఐదు పెట్టు, 'స్టాక్' అన్నచోట టిక్ పెట్టు. ఆ టిక్ లేకపోతే ముక్కలు పక్కపక్కనే అతుకుల బొంతలా వస్తాయి, మధ్యలో సందులు పడతాయి. టిక్ ఉంటే ఒక పొర కింద ఇంకో పొర పరుచుకుంటుంది. ట్రేస్ చేసే ముందే ఫోటోని నలుపు తెలుపు చేసి కాస్త మసక చెయ్యి. లేకపోతే ముడతలన్నీ చిన్న చిన్న మచ్చలై అమ్మమ్మ బుగ్గకి తామర వచ్చినట్టుంటుంది. మూడు మిల్లీమీటర్ల కంటే చిన్న మచ్చ కనిపిస్తే మొహమాటం లేకుండా తీసెయ్.

ఇప్పుడు ఆ చీకటి గోడ సంగతి. పై షీటులో చుట్టూ ఒక అంగుళం అంచు వదులు. ఆ అంచుకి గోడ, గోడకి జుట్టు, జుట్టుకి నీడ వైపు కనుబొమ్మ, దాని వెంట ఆ కన్ను, అన్నీ అంటుకునే వస్తాయి, ఒకటే ముక్క. వెలుగు వైపు కన్ను మాత్రం విడిగా ఊడుతుంది. దానికొక కిటుకు ఉంది. మొహం దగ్గర ఊడొచ్చిన పెద్ద ముక్కని పారెయ్యకు. పొర అతికించాక ఆ చెత్త ముక్కనే మళ్లీ దాని ఖాళీలో కూర్చోబెట్టు. అందులో కన్ను ఆకారంలో చిల్లు ఉంటుంది కదా, కన్నుకి జిగురు చుక్క పెట్టి ట్వీజర్‌తో ఆ చిల్లులోకి దింపు. తర్వాత చెత్త ముక్క మెల్లగా లేపెయ్. కన్ను వెంట్రుకవాసి కూడా జరగదు. షాపులో అక్షరాల మధ్య చుక్కలు నేను ఇలాగే పెట్టేవాణ్ణి.

ఫైలు సంగతి రెండు ముక్కల్లో. నీ మిషన్ క్రికట్ కంపెనీది అయితే ఎస్‌వీజీ రకం ఫైలు తీసుకుంటుంది, కానీ 'అటాచ్' నొక్కకపోతే కాగితం ఆదా చేద్దామని ముక్కల్ని తనకి తోచినట్టు సర్దేస్తుంది. సిల్యుయెట్ కామియో మిషన్ అయితే, వాళ్ల ఉచిత సాఫ్ట్‌వేర్ ఎస్‌వీజీ తెరవకపోతే డీఎక్స్‌ఎఫ్ అనే ఇంకో రకంగా సేవ్ చేసి ఇవ్వాలి.

కాగితం 180 నుంచి 220 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) మధ్యలో తీసుకో. స్కూలు చార్టు వద్దు, మూలల దగ్గర పీచు లేస్తుంది. లోపలిదాకా ఒకే రంగున్న షీటు అడుగు. పైన మాత్రమే రంగున్నదైతే కోసిన ప్రతి అంచూ తెల్లగా కనబడుతుంది. ప్రతి రంగు షీటుకీ ముందు ఒక మూల చిన్న చతురస్రం కోసి చూడు. కాగితం తెగాలి, మ్యాట్ మీద గీత లేతగా పడాలి, అంతే. మీ ఊళ్లో వానల్లో కాగితం చెమ్మ పట్టి మెత్తబడుతుంది, మంచి బ్లేడు కూడా చింపేస్తుంది. అలాంటి రోజు పని పెట్టుకోకు.

కొత్త మ్యాట్ మరీ జిగటగా ఉంటుంది. పాత నూలు చీర ముక్క దాని మీద రెండుసార్లు అద్ది లాగు. కోయడం అయ్యాక కాగితాన్ని పట్టి లాగావో, ఆ సన్న కాడలన్నీ తెగుతాయి. మ్యాట్‌ని బోర్లించి, కాగితాన్ని బల్లకి ఆనించి, మ్యాట్‌నే వెనక్కి వంచుతూ లాగు. నీ మొదటి ప్రయత్నంలో సగం నష్టం ఇక్కడే జరిగి ఉంటుందని నా అనుమానం.

పొరల మధ్య రెండు మిల్లీమీటర్ల ఫోమ్ టేపు పెట్టు, అంచుకి కాస్త లోపలగా. తెల్ల జిగురు పొయ్యకు, కాగితం అప్పడంలా లేస్తుంది. ఒక్క కన్నుకి మాత్రం పుల్లతో ఒక చుక్క. ఐదు షీట్లు, మధ్యలో నాలుగు టేపులు, మొత్తం సెంటీమీటరు దాకా లోతు వస్తుంది. మామూలు ఫోటో ఫ్రేములో పట్టదు. అద్దానికి బొమ్మ తగలకుండా లోతున్న ఫ్రేము కావాలని షాపువాడికి ముందే చెప్పు. టెన్షన్ పడకు, సంవత్సరీకానికి ఇంకా నెలన్నర ఉంది.

ఆ కిటికీ ఫోటో ఫ్రేము వెనక మేకులు మీ అత్తయ్య ఇప్పుడే పీకుతోంది. రేపు స్కాన్ చేయించి పంపిస్తాను. ముక్కుపుడక మాత్రం మిషన్‌కి ఇవ్వకు. బంగారు రంగు కాగితం చిన్న ముక్క తీసుకుని, పంచింగ్ మిషన్‌తో ఒక్క చుక్క కొట్టి చేత్తో పెట్టు. ఎడమ వైపు. ఫ్లాష్ ఫోటోలో అది కనబడను కూడా లేదు.

మీ మామయ్య