అత్తగారు కోసుకురమ్మంటున్నారు, తేవాలా?

ప్రశ్న: వానలు మొదలయ్యాక పొద్దున్నే మొగల్రాజపురం కొండవైపు నడకకు వెళ్తున్నాం. దారిలో రకరకాల పుట్టగొడుగులు: గడ్డిలో పెద్ద తెల్ల గొడుగులు, ఎండుకొమ్మల మీద గోరంత విసనకర్రలు, ఒకచోట నారింజరంగు పలకలు కనిపించాయి. ఫోన్లో యాప్ పూటకో పేరు చెబుతోంది. మా అత్తగారేమో పురుగు పట్టినవైతే మనమూ తినొచ్చు, కోసుకురమ్మంటారు. వీటిని గుర్తుపట్టడం ఎలా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు అత్తగారి సంగతి. పురుగుకు పడింది మనకు పడాలని లేదు. వెండి నాణెం వేసి ఉడికిస్తే విషం ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుందనేది కూడా ఉత్తమాటే. ప్రాణం తీసే రకాల్లో విషం ఎంత ఉడికించినా పోదు, పైగా తిన్న ఆరు గంటలు దాటాకే వాంతులు మొదలవుతాయి, తర్వాత తగ్గినట్టే ఉంటుంది, లోపల కాలేయం మాత్రం పాడవుతూనే ఉంటుంది. కూర తినాలనుంటే మార్కెట్లో పెంచినవి కొనుక్కోండి.

ఇక యాప్. మీరు బహుశా నిలబడి పైనుంచి ఫొటో తీస్తున్నారు, అలాగైతే దానికి గొడుగు తప్ప ఏమీ కనపడదు. వంగి కింది భాగం తీయండి, కాడ మొదలు తీయండి, నేల మీద మొలిచిందా, కర్ర మీదా, పేడ మీదా అన్నది రాసుకోండి. సగం జవాబు అక్కడే ఉంటుంది.

గడ్డిలో తెల్లది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ కావచ్చు. పైన గోధుమరంగు పెచ్చులు, కాడకు ఉంగరం, అడుగున లేతగా ఉన్నప్పుడు తెల్లగా, ముదిరాక ఆకుపచ్చగా మారే, పుస్తకం పుటల్లాంటి పలుచటి రేకులు. అనుమానం తీరాలంటే విచ్చుకున్న గొడుగొకటి తెచ్చి, రేకులు కిందికి వచ్చేలా తెల్లకాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి కాగితం మీద పచ్చటి పొడి రాలి ఉంటే అదే. తింటే మూడు గంటల్లోపే వాంతులు, విరేచనాలు. ముట్టుకుంటే ఏమీ కాదు, చేతులు కడుక్కుంటే చాలు.

నాకు ముచ్చటైనవి మాత్రం మీ గోరంత విసనకర్రలే. స్కిజోఫిల్లమ్ అంటారు. పైన బూడిదరంగు నూగు, తిరగేస్తే ఒక్కో రేకు అంచు నిలువునా రెండుగా చీలి కనిపిస్తుంది. ఎండకు ముడుచుకుపోతుంది, వాన చుక్క తగిలితే మళ్లీ విచ్చుకుంటుంది. నారింజ పలకలు పిక్నోపోరస్ అనే రకమైతే అడుగున రేకులుండవు, సూదిమొనంత రంధ్రాలుంటాయి.

మీ అత్తగారు ఇదివరకు తిన్నవేమైనా ఉంటే చెదపుట్టల మీద వచ్చేవై ఉండొచ్చు, అవి నిజంగానే తినేవే, కాడ కింద వేరులాంటి పొడవాటి తోక పుట్టలోకి దిగి ఉంటుంది. కానీ ఏళ్ల తరబడి కోసినవాళ్లకే వదిలేయండి. నాగులచవితికి అక్కడ పాలు పోసేది ఎవరికోసమో తెలుసుగా, బొరియల్లో చేతులు పెట్టకండి. కొండపల్లి వైపు వెళ్తే అది రిజర్వు అడవి, ఫొటోలతో సరిపెట్టుకోండి.

ఇంట్లో ఎవరైనా ఇప్పటికే తినేసి ఉంటే మాత్రం కడుపునొప్పి వచ్చేదాకా చూడొద్దు, మిగిలిన ముక్క కాగితంలో చుట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.