మాస్టారి స్నేహం మానుకోవాలా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది పార్వతీపురం దగ్గర పల్లె. కూకట్‌పల్లిలో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నాను. మా అపార్ట్‌మెంట్‌లోనే 74 ఏళ్ల రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒంటరిగా ఉంటారు. భార్య రెండేళ్ల కిందట పోయారు, కొడుకు డాలస్‌లో. సాయంత్రాలు చదరంగం ఆడుకుంటాం, ఎన్నో మాట్లాడుకుంటాం. రూమ్మేట్లు ‘నీది ముసలాళ్ల బ్యాచ్‌రా’ అని ఏడిపిస్తున్నారు. ఈమధ్య ఆయన రోజుకు ఐదారుసార్లు ఫోన్ చేస్తున్నారు. ఆయన ఏటీఎం కార్డుతో నేనే డబ్బు తెచ్చిస్తుంటాను. అది తెలిసి వాళ్లబ్బాయి ‘మా నాన్నతో నీకేం పని?’ అని గట్టిగా అడిగారు. చాలా బాధేసింది. దూరం జరగనా?

సలహా: జరగొద్దు. కార్డు మాత్రం ఈ రోజే తిరిగి ఇచ్చేయండి.

మీ నిజాయితీని నేను శంకించడం లేదు. కానీ పిన్ ఇంకొకరికి చెప్పడం బ్యాంకు నిబంధనలకు విరుద్ధం. రేపు ఎవరో మోసగాడు ఆ ఖాతా మీద పడినా మొదటి అనుమానం మీ మీదికే వస్తుంది. పిన్ బయటపెట్టారన్న కారణంతో పోయిన సొమ్ము రాబట్టుకోవడం మాస్టారికీ కష్టమవుతుంది. నెలకోసారి ఇద్దరూ కలిసి ఏటీఎంకు వెళ్లండి, పిన్ ఆయనే నొక్కాలి, మీరు బయట నిలబడండి. నడవలేని రోజులొస్తే, 70 దాటినవారికి ఇంటికే నగదు తెచ్చిచ్చే సదుపాయం బ్యాంకుల్లో ఉంది. ఆయన ఖాతా ఉన్న శాఖలో అడిగితే ఎలా నమోదు చేసుకోవాలో చెబుతారు. మందులు తెచ్చిస్తే బిల్లు చేతికిచ్చి అంతే తీసుకోండి. చేబదులు, చిట్టీకి జామీను, ప్రేమతో ఇచ్చే ఉంగరం, ఏదీ వద్దు. ఓటీపీ చదివి చెప్పమన్నా చెప్పకండి.

వాళ్లబ్బాయి మాట నొప్పించిందన్నారు. ఆయన వైపు నుంచి కూడా చూడండి. ఖండాంతరాల అవతల ఉన్న మనిషికి తండ్రి కార్డు ఎవరో కుర్రాడి చేతిలో ఉందని తెలిసింది, భయపడ్డారు. ఆదివారం సాయంత్రం ఏడున్నరకు అక్కడ ఉదయం ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. మాస్టారి పక్కనే కూర్చుని వీడియో కాల్ చేయండి. మీరెవరో, ఎక్కడ పనిచేస్తున్నారో, కార్డు తిరిగి ఇచ్చేశారని సూటిగా చెప్పండి. సంజాయిషీలా సాగదీయొద్దు. నంబర్లు ఇచ్చిపుచ్చుకోండి. మాస్టారి మందుల చీటీ, ఏ ఆసుపత్రిలో చూపించుకుంటారు అన్నవి ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. ఇంటి రెండో తాళం చెవి మీ దగ్గర ఉండాలా అన్నది వాళ్లు చెప్పాలి, మీరు అడగకండి.

ఇక ఫోన్ల సంగతి. ‘కూరలో ఉప్పెక్కువైంది’, ‘కరెంటు పోయింది’ లాంటి చిన్న మాటలు వినే భార్య ఇప్పుడు లేరు. ఆ మాటలే మీకు ఫోన్లుగా వస్తున్నాయి. ఎత్తకుండా వదిలేస్తే ఆయన ఆత్రం పెరిగి ఇంకో రెండుసార్లు చేస్తారు. ‘మాస్టారూ, పగలు మీటింగుల్లో ఉంటాను, రాత్రి ఎనిమిదికి నేనే చేస్తాను’ అని చెప్పి, ఆ ఎనిమిది తప్పకండి. మొదట్లో పగటి ఫోన్లు ఆగవు, ‘ఎనిమిదికి చెప్పండి మాస్టారూ’ అని ఒక్క ముక్కతో పెట్టేయండి. ఒళ్లు బాగాలేకపోతే మాత్రం ఎప్పుడైనా చేయమనండి.

ఆయన చెప్పిందే చెబుతుంటే విసుగు రావచ్చు. కథ మధ్యలో ‘అప్పుడు మీ జీతమెంత? ఆ స్కూలుకు ఎలా వెళ్లేవారు?’ అని అడిగి చూడండి, తెలియని కొత్త దారి తెరుచుకుంటుంది. అయితే అడిగిందే పది నిమిషాల్లో మళ్లీ అడగడం, పొయ్యి కట్టేయడం మర్చిపోవడం, తెలిసిన వీధిలో దారి తప్పడం గమనిస్తే వయసనీ ఒంటరితనమనీ సరిపెట్టుకోకండి. వాళ్లబ్బాయికి చెప్పి డాక్టరు దగ్గరికి పంపాలి. వినికిడి తగ్గితే అరవొద్దు. పెద్ద వయసులో ముందు తగ్గేది సన్నని శబ్దాలు, అంటే ‘స’, ‘ఫ’ లాంటి అక్షరాలు. అరిస్తే మాట ఇంకా చెదురుతుంది. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా మాట్లాడితే చాలు.

ఇంతకీ మీకేం లాభమని రూమ్మేట్లు అడుగుతారు. మీ ఈడు వాళ్లంతా హైక్, పెళ్లి సంబంధం, ఫ్లాట్ ఈఎంఐ అంటూ ఒకే పరుగులో ఉన్నారు. అందులో మీ ఓటమి ఇంకొకరికి ఊరట కూడా కావచ్చు. మాస్టారు ఆ పరుగులో లేరు. ఉద్యోగం, అప్పు, భార్య పోవడం అన్నీ చూసి నిలబడ్డ మనిషి మీ కష్టం వింటే, దాని అసలు పరిమాణం మీకూ కనిపిస్తుంది. కాబట్టి మీ మనసులోదీ చెప్పండి. ఎప్పుడూ మీరే సాయం చేస్తుంటే ఆయన రోగి, మీరు నర్సు అయిపోతారు, స్నేహం అక్కడే చస్తుంది. ఆయన చేత ఏదైనా నేర్చుకోండి. వేదగణితమో, పెసరట్టు పిండి పాళ్లో, ఏదైనా సరే. మనసు విషయాల్లో ఆయన మాట విలువైనది. ఉద్యోగం మారడం, లోను తీసుకోవడం లాంటివాటిలో మాత్రం ఇవాళ్టి లెక్కలు తెలిసినవారినీ అడగండి. ‘ఆలోచిస్తాను మాస్టారూ’ అంటే అగౌరవం కాదు.

శనివారం రూమ్మేట్లలో ఒకరిని చదరంగానికి తీసుకెళ్లండి. ఆయనకు మీరొక్కరే దిక్కు కాకూడదు. పార్కులో నడిచేవాళ్లతో, పాత ఉపాధ్యాయులతో పరిచయాలు తిరిగి కలపండి. సంక్రాంతికి ఊరెళ్తుంటే పది రోజుల ముందే చెప్పి, మీరు లేనన్నాళ్లు ఏ ఇంటివాళ్లు తలుపు తడతారో ఆయన ముందే మాట్లాడి వెళ్లండి.