బైపీసీ తర్వాత ఫోరెన్సిక్ సైకాలజీ: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, బైపీసీ. నీట్ వద్దంటోంది. ఫోరెన్సిక్ సైకాలజీ చదివి కౌన్సెలింగ్ వైపు వెళ్తానంటోంది. డిగ్రీలోనే ఆ కోర్సు ఉందని ఒక కాలేజీ నుంచి రోజూ ఫోన్లు. ఏడాదికి లక్షన్నర ఫీజట. చేర్చమంటారా? – ఓ తండ్రి

జవాబు: ఫోరెన్సిక్ సైకాలజీ అంటే నేరాల కేసుల్లో, కోర్టుల్లో పనికొచ్చే మనస్తత్వ శాస్త్రం. అడ్వాన్సు మాత్రం ఇప్పుడే కట్టకండి. ఫోన్ చేసినవాళ్లను ఒక్క మాట అడగండి: పట్టా మీద ఏమని రాస్తారు? 'బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్' అంటే వేలిముద్రలు, రక్తపు మరకలు, విషాలు, చేతిరాత పరీక్ష. అందులో సైకాలజీ దొరికేది ఒకటో రెండో పేపర్లు. తీరా పీజీకి వెళ్లేసరికి, సైకాలజీ డిగ్రీ ఉండాలని అడిగే యూనివర్సిటీల్లో అప్లికేషనే తీసుకోరు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

డిగ్రీలో సైకాలజీయే మేజర్‌గా తీసుకోనివ్వండి. ఆన్‌లైన్ అడ్మిషన్లలో ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు కన్నా ముందు మేజర్ సబ్జెక్టు చూడండి. స్టాటిస్టిక్స్ పేపరుకు చాలామంది జడుస్తారు గానీ, మానసిక పరీక్షల స్కోర్లు అర్థం చేసుకోవాలంటే అది రాక తప్పదు. పీజీకి దగ్గర్లో తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఉంది, తర్వాత విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ. ఫోరెన్సిక్ వైపే గట్టిగా వెళ్లాలంటే గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ. దాని ప్రవేశపరీక్ష వేరే ఉంటుంది.

దూరవిద్య ఆలోచన పెట్టుకోకండి. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపవద్దని యూజీసీ ఆపేసింది. ఆరునెలల 'ఫోరెన్సిక్ సైకాలజీ డిప్లొమా' సర్టిఫికెట్లు గోడకు తగిలించుకోవడానికి బాగుంటాయి, అంతే.

క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇన్నాళ్లూ దానికి ఎంఏ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ దారి. ఆ ఎంఫిల్ ప్రవేశాలకు యూజీసీ ఇచ్చిన గడువు 2025-26 వరకే. మీ అమ్మాయి అక్కడికి చేరేసరికి ఆర్‌సీఐ గుర్తించిన కొత్త కోర్సులే ఉంటాయి. అందుకే క్లినికల్ కోర్సుకు ఏ కాలేజీలో చేరినా, ఆ కోర్సు ఆర్‌సీఐ వెబ్‌సైట్ జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి. బ్రోషర్‌ను నమ్మకండి.

ఇక పని ఎలా ఉంటుందో చెప్పాలి. సినిమాల్లో చూపించే హంతకుల వేట మన దగ్గర దాదాపు లేదు. ఫోరెన్సిక్ ల్యాబుల్లో సైకాలజీ విభాగం చేసేది పాలిగ్రాఫ్ (జనం లై డిటెక్టర్ అనేది) లాంటి పరీక్షలు. ఆ యంత్రం అబద్ధాన్ని పట్టుకోదు. ఊపిరి, చెమట, రక్తపోటు ఎలా మారుతున్నాయో గీతలుగా చూపిస్తుంది. భయపడ్డ నిర్దోషికీ గీత ఎగురుతుంది. మనిషి ఒప్పుకోకుండా ఈ పరీక్షలు చేయకూడదని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో తేల్చింది. పైగా ఈ ల్యాబుల్లో పోస్టులు చాలా తక్కువ.

అసలు పని పిల్లల చుట్టూ ఉంటుంది. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లాడిపై ఘోరమైన నేరం కేసు పడితే, 2015 జువైనల్ జస్టిస్ చట్టం 15వ సెక్షన్ కింద వాణ్ని పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అని జువైనల్ జస్టిస్ బోర్డు ప్రాథమిక అంచనా వేయాలి. ఆ నేరం చేయగల మానసిక, శారీరక స్థితి వాడికి ఉందా? పర్యవసానం తెలిసి చేశాడా? ఏ పరిస్థితుల్లో చేశాడు? దీనికి బోర్డు సైకాలజిస్టుల సాయం తీసుకోవచ్చు. గడువు మూడు నెలలు.

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు బిడ్డతో మాట్లాడటం ఇంకా సున్నితం. "ఆ మామయ్యే నిన్ను పట్టుకున్నాడు కదా?" అని అడిగితే బిడ్డ తలూపుతుంది. పెద్దవాళ్లు ఏమడిగినా ఊఁ అనడం పిల్లలకు అలవాటు. రేపు కోర్టులో అవతలి లాయరు "నేర్పించి చెప్పించారు" అంటాడు, నిజమైన కేసు కూడా వీగిపోతుంది. "ఆ రోజు ఏం జరిగిందో చెప్పమ్మా", "తర్వాత?" అని ఆగాలి. ఆ మౌనాన్ని ఓర్చుకోవడం చదువులో అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది. బిడ్డ మాట మన యాసలోనే ఉంటుంది, మీరు రాసే రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. అర్థం జారకుండా రెండింటినీ కలపడం వేరే విద్య.

జీతం గురించి దాపరికం వద్దు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో కౌన్సెలర్ పోస్టు కాంట్రాక్టే. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం లెక్కన నెలకు 18,536 రూపాయలు. హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రాల్లోనూ కౌన్సెలర్లు ఉంటారు. ఫ్యామిలీ కోర్టులకు చట్టంలోనే కౌన్సెలర్ల ఏర్పాటు ఉంది. మంచి ఆదాయం ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ వచ్చాకే. అంటే ఇప్పటి నుంచి ఆరేడేళ్లు పోషించగలరా అన్నది ఇంట్లో కూర్చుని లెక్కవేసుకోండి.

అమ్మాయి మనసు గట్టిదో కాదో చూసుకోవాలనుకుంటే ఈ వేసవిలో రెండు రోజులు నెల్లూరు కోర్టుకు తీసుకెళ్లండి. మామూలు కేసుల విచారణ ఎవరైనా కూర్చుని వినొచ్చు. పోక్సో కేసులు మాత్రం మూసిన గదిలో జరుగుతాయి, అక్కడికి రానివ్వరు. సాక్షిని ప్రశ్నించే తీరు చూసి వచ్చాక కూడా ఇదే చదువుతానంటే, అప్పుడు సైకాలజీ మేజర్ ఉన్న కాలేజీలకు ఆప్షన్లు పెట్టించండి.