నత్తికి మాత్రలు పనిచేస్తాయా? తమ్ముడికి వచ్చే నెల ఇంటర్వ్యూ ఉంది

అడిగినావిడ తమ్ముడికి ఇంటర్వ్యూ ఉందట, గుండె దడ, వణుకు తగ్గించే ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకుంటే ఆ పూటకి నత్తి రాదని ఎవరో చెప్పారట. సూటిగా చెప్తానండీ. నత్తి కోసమే అని ఆమోదం పొందిన మందు ఇప్పటికీ ఒక్కటి లేదు, మందులకి అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర కూడా. ఆ ప్రొప్రనొలాల్ నేను వేసుకున్నవాణ్ణే.

అది వేసుకునేనాటికి మా ఇంట్లో మిగతా వైద్యాలన్నీ అయిపోయాయి. వసకొమ్ము తేనెలో అరగదీసి నాలుక మీద రాశారు, సరస్వతి ఆకు తినిపించారు. మా మేనమామ నోట్లో గులకరాళ్లు పెట్టుకుని పేపర్ చదవమనేవాడు, గ్రీకు వక్త డెమోస్తనీస్ అలాగే బాగుపడ్డాడని. పక్కింటి పెద్దాయన నాలుక కింద నరం కోయించమన్నాడు. పాట పాడితే నాకు ఒక్క అక్షరం తట్టుకోదు. ఒంటరిగా ఉన్నప్పుడు గడగడా మాట్లాడతాను. తప్పు నాలుకదే అయితే పాటలో కూడా తట్టుకోవాలిగా!

సరే, ఆ ఇంటర్వ్యూ. విజయవాడలో, బ్యాంకు ఉద్యోగానికి. డాక్టరు రాసిచ్చిన మాత్ర గంట ముందు వేసుకున్నాను. మామూలుగా అలాంటి చోట సర్టిఫికెట్ల ఫైలు చేతిలో గజగజా వణుకుతుంది. ఆ రోజు వణకలేదు. గుండె దడ లేదు. మాత్ర తన పని తాను చేసింది, అది ఒప్పుకోవాలి.

లోపలికెళ్లి కూర్చోగానే పేరు అడిగారు. వాళ్ల ముందున్న కాగితం మీద పెద్దక్షరాల్లో ఉంది నా పేరు. 'ప'తో మొదలవుతుంది. పెదాలు రెండూ కలుసుకున్నాయి, విడిపడలేదు. వెనక గాలి నిండిపోయింది, దవడ బిగుసుకుంది, కుడి కన్ను దానంతటదే మూతపడుతోంది. గుండె మాత్రం తీరిగ్గా కొట్టుకుంటోంది. టెన్షన్ వల్లే మాట పట్టేస్తోందని పుట్టినప్పటి నుంచీ అందరూ చెప్పారు కదా, ఇదిగో, టెన్షన్ లేదు, మాటా లేదు. ఎడమ పక్కన కూర్చున్నాయన నా పేరు తనే చదివేసి 'రిలాక్స్, రిలాక్స్' అన్నాడు. రిలాక్స్‌గానే ఉన్నాను మహాప్రభో!

మధ్యలో కూర్చున్న మేడమ్ ఒక్కావిడే పెన్ను బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా చూస్తూ కూర్చుంది. ఆవిడ అడిగిన వాటికి తట్టుకుంటూనే అయినా పూర్తిగా జవాబులు చెప్పాను. ఆయన అడిగితే మళ్లీ పట్టేసింది. ఒకే మాత్ర, ఒకే గది. అందుకే నా లెక్కలో నత్తిలో సగం వినేవాడిదే. పరిశోధన ఏది అంటే నా దగ్గర లేదు, నా అనుభవం ఉంది. ఆ ఉద్యోగం రాలేదు. తర్వాత వేరే చోట వచ్చింది.

మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని తగ్గించే మందులు కూడా నత్తికి వాడి చూశారు. హాలోపెరిడాల్ కొందరికి మాట సాఫీ చేసింది, కానీ ఒళ్లు బిగుసుకుపోవడం, వణుకు, మగత తట్టుకోలేక చాలామంది మానేశారు. రిస్పెరిడోన్, ఓలాంజపైన్ చిన్న చిన్న ప్రయోగాల్లో కొంత ఫలితం చూపించాయి, కానీ ఓలాంజపైన్‌తో బరువు బాగా పెరుగుతుంది. పాగోక్లోన్ అని వేరే రకం మందు ఒకటి వస్తోందన్నారు, మార్కెట్‌కి రానేలేదు. అన్నిటికీ మించి, క్లోజపైన్ అనే మానసిక వ్యాధి మందు వాడాక కొత్తగా నత్తి మొదలైన కేసులు ఉన్నాయి! పైగా నత్తి ఒక వారం తగ్గుతుంది, ఇంకో వారం పెరుగుతుంది. తగ్గిన వారంలో ఏది మింగితే పేరు దానికే. మా అమ్మ ఇప్పటికీ వసకొమ్మే పనిచేసిందంటుంది.

నా అసలు మంట వేరేచోట ఉంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మిషన్ 'మీ సమస్య చెప్పండి' అంటుంది. నేను మొదటి అక్షరం దగ్గరే ఉండగా 'మీ మాట అర్థం కాలేదు' అని పెట్టేస్తుంది. సినిమాల్లో నత్తివాడు కనపడితే జనం నవ్వడానికి రెడీ. ఆ సినిమా చూసొచ్చినవాళ్లే మర్నాడు ఆఫీసులో నన్ను అనుకరిస్తారు. వీళ్లకి ఏ మాత్ర ఇవ్వాలి?

మీ తమ్ముడి సంగతికొస్తే, ఆస్తమా ఉంటే ప్రొప్రనొలాల్ ముట్టుకోకూడదు, లేకపోయినా డాక్టర్ని అడక్కుండా వద్దు. నెల రోజులు టైముంది కాబట్టి స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. హైదరాబాద్ దగ్గర్లో ఉంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం ఉంది, కేంద్ర ప్రభుత్వానిది. ఇంటర్వ్యూలో కూర్చోగానే 'నాకు నత్తి ఉందండీ, జవాబుకి కాస్త టైం పడుతుంది' అని తనే చెప్పేయమనండి. ఆ ఒక్క వాక్యం ఇంట్లో మీ ముందు రోజూ చెప్పించండి. చెప్తున్నప్పుడు మధ్యలో ఆగితే మీరు మాత్రం మాట అందించకండి.