పుట్టగొడుగు ముక్కలు ఎండాలంటే ఓవెన్‌ను ఎలా వాడాలి?

ప్రశ్న: మా ఇంట్లో 20 లీటర్ల సోలో (మైక్రోవేవ్ తరంగాలతో మాత్రమే పనిచేసే) ఓవెన్ ఉంది. బటన్ పుట్టగొడుగులు ఫ్రిజ్‌లో నాలుగు రోజులకే నల్లబడుతున్నాయని, ముక్కలు కోసి ఫుల్ పవర్‌లో ఆరు నిమిషాలు పెట్టాను. అంచులు మాడాయి, మధ్యభాగం తోలులా సాగుతోంది, ప్లేటులో నీళ్లు నిలిచాయి. ఓవెన్ పాడైందా? వేడి గాలి తిప్పే కన్వెక్షన్ మోడల్ కొనాలా?

జవాబు: ఓవెన్‌లో లోపమేమీ లేదు. పుట్టగొడుగు బరువులో 90 శాతానికి పైగా నీరే ఉంటుంది. మైక్రోవేవ్ తరంగాలు ఆ నీటిని వేడెక్కించి ఆవిరిగా బయటికి నెడతాయి గాని, ఓవెన్ లోపలి గాలి పెద్దగా వేడెక్కదు కాబట్టి ఆ ఆవిరి గోడల మీద, ప్లేటు మీద మళ్లీ నీరై చేరుతుంది. పైగా తరంగాలు అన్నిచోట్లా ఒకేలా పడవు. అందుకే ఒక ముక్క ఉడుకుతుండగానే పక్క ముక్క మాడుతుంది.

పవర్ తగ్గించినప్పుడు మామూలు ఓవెన్లలో తరంగాల తీవ్రత తగ్గదు. 30 శాతం అంటే పూర్తి బలంతో కొంతసేపు పనిచేసి, మిగతా సమయం ఆగి ఉండటమే. చెవి ఒగ్గి వింటే ఆ గుర్రుమనే శబ్దం మొదలై ఆగుతుండటం తెలుస్తుంది. మీకు కావలసింది ఆ విరామమే, ఎందుకంటే ముక్క లోపలి తేమ పైకి చేరడానికి సమయం దొరుకుతుంది.

ముక్కలను 4-5 మిల్లీమీటర్ల మందంతో సమానంగా కోసి, ప్లేటు మధ్య ఖాళీ వదిలి, అంచు వెంట ఒకే వరుసగా పేర్చండి. మొదట ఒక్క నిమిషం ఫుల్ పవర్‌లో, ఆవిరి లేచేదాకా ఉంచండి. నలుపెక్కించే ఎంజైమ్ ఆ వేడికి చాలావరకు చచ్చుబడుతుంది. అప్పుడు దిగిన నీళ్లను పారబోయకుండా సూప్‌లో కలుపుకోండి, రుచి కొంత అందులోకి దిగుతుంది. ఆ తర్వాత 30 శాతం పవర్‌లో మూడేసి నిమిషాలు పెట్టి, ప్రతిసారీ తలుపు తీసి, తడి తుడిచి, ముక్కలు తిరగేసి, రెండు నిమిషాలు ఆరనివ్వండి.

ఇక్కడ గడియారం కంటే వంటింటి త్రాసు నమ్మకమైనది. 200 గ్రాముల ముక్కలు 40 గ్రాములకు దిగగానే మైక్రోవేవ్ పని ముగించండి. ఆపైన తేమ తక్కువై ముక్కలు ఇట్టే మాడతాయి, నిప్పంటుకోవచ్చు కూడా; పీల్చుకునే నీరు లేనప్పుడు తరంగాలు వాటిని పుట్టించే భాగమైన మ్యాగ్నెట్రాన్ వైపే తిరిగి వెళ్లి దానికీ చేటు చేస్తాయి. మిగతా తేమను పలుచని గుడ్డ కప్పి మంచి ఎండలో తీసేయండి. చివరికి 18-20 గ్రాములు మిగలాలి, ముక్క టక్కున విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే.

చల్లారాక గాజు సీసాలో గట్టిగా మూత పెట్టి, వారం రోజులు రోజూ ఒకసారి కుదిపి చూడండి. లోపల చెమ్మ కనిపిస్తే మళ్లీ ఎండబెట్టండి, బూజు కనిపిస్తే మాత్రం మొత్తం పారేయండి.

కేవలం దీనికోసమైతే కన్వెక్షన్ మోడల్ కొనమని నేను చెప్పను. 60 డిగ్రీల దగ్గర గాలి నిలకడగా తిప్పే చిన్న ఫుడ్ డీహైడ్రేటర్ ఈ పనిని ఇంతకంటే నయంగా, వానాకాలంలో కూడా చేస్తుంది.