నరాల టెస్ట్ నార్మల్ వచ్చింది... మరి అరికాళ్ల మంట ఎందుకు?

ప్రశ్న: నా వయసు 54. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఏడాదిగా రాత్రి పడుకోగానే అరికాళ్లు మండుతున్నాయి, చీమలు పాకినట్టు ఉంటోంది. ఆర్నెల్ల కిందట నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేయిస్తే నార్మల్ అన్నారు. మెడికల్ షాపులో అడిగి నరాల బలానికి మాత్రలు వాడుతున్నాను, నెలకోసారి ఇంజెక్షన్ కూడా చేయించుకుంటున్నాను. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బాయి. మంటకు అవే కారణమా? ఇంతకంటే మంచి ఇంజెక్షన్ ఉందా? ఈ మధ్య నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదు. బొటనవేలి కింద చిన్న పుండు ఉంది, నొప్పేమీ లేదు, పసుపు రాస్తున్నాను.
- ఒక పాఠకుడు, ఖమ్మం

సలహా: ఇంజెక్షన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పుండు. చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, ఎన్నాళ్లుగా ఉందో కూడా రాయలేదు. ‘నొప్పేమీ లేదు’ అని మీరు ధీమాగా ఉన్నారు, నాకు కంగారు పుట్టించింది ఆ మాటే. షుగర్ ఉన్న మనిషి అరికాలి పుండు నొప్పి పెట్టడం లేదంటే అక్కడ స్పర్శ పోయిందేమోనని అనుమానించాలి. పసుపు ఆపేసి, శుభ్రమైన గాజ్ గుడ్డ (పుండ్లకు కట్టే పలచని బట్ట) కట్టుకుని, ఆ కాలి మీద బరువు తగ్గించి, రెండు మూడు రోజుల్లో సర్జన్‌కు గానీ డయాబెటిక్ ఫుట్ క్లినిక్‌లో గానీ చూపించండి. వాపు, ఎరుపు, చీము, వాసన, జ్వరం, వేలు నల్లబడటం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే వెళ్లాలి.

ఇక నరాలు. మన వాడుకలో చిన్న చిక్కుంది. సెలైన్ పెట్టడానికి నర్సు వెతికేదీ నరమే, తిమ్మిరెక్కేదీ నరమే. మీ పిక్కల మీద ఉబ్బినవి సిరలు, అంటే రక్తనాళాలు. సిర గోడలో కండర పొర పలచన. లోపలి కవాటాలు సరిగ్గా మూసుకోకపోతే రక్తం కిందికి జారి నిలిచిపోతుంది, గోడ సాగి ఉబ్బుతుంది. దానివల్ల కాళ్లు బరువుగా, లాగినట్టు ఉండొచ్చు. మీరు చెప్పే మంట మాత్రం ఆ తీరుగా లేదు.

స్పర్శను మోసే అసలు నరం గొట్టం కాదు. మైక్రోస్కోపు కింద అడ్డంగా కోసి చూస్తే కరెంటు కేబుల్‌లా ఉంటుంది: సన్నని పోగులు, వాటిని కట్టలుగా చుట్టిన ఒక పొర, అన్ని కట్టల్నీ కలిపి పైన మరో తొడుగు. ఆ పోగుల మధ్య వెంట్రుక కంటే ఎంతో సన్నని రక్తకేశనాళికలు ఉంటాయి, ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనక ఒకటిగా దూరి వెళ్లాల్సినంత ఇరుకు. నరానికి తిండి వాటి నుంచే. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే ఆ నాళికల గోడలు మందమెక్కి, పోగులకు ప్రాణవాయువు సరిగ్గా అందదు. ఎక్కువ షుగర్ పోగుల్ని నేరుగానూ దెబ్బతీస్తుంది. నడుము దగ్గర మొదలై కాలి వేలి దాకా దాదాపు మీటరు పొడవున సాగే పోగులు ముందు దెబ్బతింటాయి. అందుకే మంట పాదాల్లో మొదలవుతుంది, సాధారణంగా రెండింటిలోనూ.

మరి టెస్ట్ నార్మల్ ఎలా వచ్చింది? లావు పోగుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. వాటిలో సంకేతం సెకనుకు సుమారు 50 మీటర్లు పోతుంది, ఆ టెస్ట్ కొలిచేది వాటినే. మంటను, వేడిని మోసేవి ఎక్కువగా తొడుగు లేని సన్న పోగులు, వాటి వేగం సెకనుకు రెండు మీటర్లకు మించదు. ఆ టెస్ట్‌కు అవి అందవు. రిపోర్టు తప్పు కాదు, అది చూసినంత మేరకే నార్మల్. పైగా అది ఆర్నెల్ల కిందటి మాట. చెప్పు జారినా తెలియడం లేదంటే ఇప్పుడు లావు పోగులకూ దెబ్బ మొదలై ఉండొచ్చు. ట్యూనింగ్ ఫోర్క్‌తో (కంపనం తెలుస్తోందో చూసే లోహపు కడ్డీ), 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (స్పర్శ చూసే నైలాన్ పోగు) పాదం పరీక్షించమని అడగండి. రక్తం సరిగ్గా అందుతోందో తెలియడానికి పాదంలో నాడి (పల్స్) కూడా చూడాలి. షుగర్ పాతబడితే ధమని గోడ మధ్య పొరలో కాల్షియం పేరుకుని, చీలమండ దగ్గర తీసే బీపీ ఉన్నదానికంటే బాగా కనిపించి మోసం చేస్తుంది. అందుకని అవసరమైతే డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూసే స్కాన్) రాస్తారు.

ఇప్పుడు మీ ఇంజెక్షన్. కొంచెం కోప్పడక తప్పదు. అందులో ఏముందో మీరు రాయలేదు, బహుశా మీకూ తెలియదు. మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడితే కొందరిలో బి12 విటమిన్ తగ్గుతుంది, అదీ ఇలాంటి మంటలే తెస్తుంది. ఆ సంగతి రక్తపరీక్షలో తేల్చుకోవాల్సింది. ముందే ఇంజెక్షన్లు పొడిపించుకుంటే రిపోర్టు గందరగోళమవుతుంది. ఇంకో మాట, ఈ ‘నరాల బలం’ మాత్రల్లో చాలావాటిలో బి6 విటమిన్ ఉంటుంది. అది ఎక్కువ మోతాదులో నెలల తరబడి పడితే స్పర్శ నరాలే పాడవుతాయి. బలానికని మింగిందే మంట పెంచుతుండొచ్చు! అలాగని మెట్‌ఫార్మిన్ సొంతంగా మానేయకండి.

మంట తగ్గించే మందులు ఉన్నాయి. కిడ్నీ పనితీరు, మీరు వాడే మిగతా మందులు చూసి మీ డాక్టరే రాయాలి. పేర్లు కావాలనే ఇక్కడ రాయడం లేదు, రేపు ఈ పేజీ మెడికల్ షాపులో చూపిస్తారు. హెచ్‌బిఎ1సి (రెండు మూడు నెలల సగటు షుగర్), బి12, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), థైరాయిడ్ పరీక్షల గురించి ఆయన్నే అడగండి. పుండు చూడకుండా నేను చెప్పగలిగింది ఇంతవరకే.

మంటగా ఉందని పాదాలు వేడినీళ్లలోనో ఐసునీళ్లలోనో పెట్టొద్దు, కాలినా మీకు తెలియదు. ఎండలో గుడి బండల మీద ఉత్త కాళ్లతో ప్రదక్షిణలు ప్రస్తుతానికి వాయిదా వేయండి. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ మాత్రల అట్టలు, ఇంజెక్షన్ సీసా, రోజూ వేసుకునే చెప్పులు కూడా సంచిలో వేసుకెళ్లండి.